ఏడో వాకిలి తలారి

మా అమ్మాయి అన్నం కలుపుకోవడం మర్చిపోయిన ఆదివారం ఇంట్లో ముద్దపప్పు, ఆవకాయ. కాకరకాయ పులుసు చేసిన రోజైతే వేషాలనుకునేదాన్ని. ముద్దపప్పు ముందు వేషాలు వేసే పిల్ల కాదు హిమజ.

దానికి ఇరవై ఏళ్ళు. మూడో ఏటినుంచీ దాని భోజనానికొక పద్ధతుంది. వేడి అన్నం మధ్యలో చిటికెనవేలితో గుంట చెయ్యాలి. గుంటలో నెయ్యి పోయించుకోవాలి. గట్టు తెగకుండా చుట్టూ పప్పు కలుపుకుంటూ రావాలి. అంతా అయ్యాక గట్టు తెంచి నెయ్యి వదలాలి. "అది అన్నమా, ఆయకట్టా?" అని పదిహేడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను.

ఆ రోజు గుంట లేదు. అయిదు వేళ్ళూ పుల్లల్లా చాపి అన్నంలో దించింది. మెతుకులు సందుల్లోంచి జారిపోయాయి. మళ్ళీ దించింది. మూడోసారి పిడికిలి బిగించింది. అన్నం నాలుగు వైపులా బయటికొచ్చింది.

"అమ్మా, ఓ స్పూను ఇవ్వవా?" అంది.

"ఏం, చేతికేమొచ్చింది?"

"ఏమో. ఎలా కలుపుతారో గుర్తు రావట్లేదు."

అని నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆయన జోగారావు పేపరు దించకుండానే నవ్వారు. ముందుగా ఆగింది నా నవ్వే. బస్సులో పక్కసీటు మనిషి చెయ్యి మన ఒళ్ళో పడితే ఎలా చూస్తామో, హిమజ తన చేతిని అలా చూస్తోంది.

"ఇలా చూడు" అని దాని చెయ్యి పట్టుకుని కలిపించబోయాను. ఆ వేళ్ళు నా వేళ్ళ కింద మెత్తబడలేదు. నా బొటనవేలిని చుట్టి బిగించాయి. కత్తి పిడి పట్టుకున్నట్టు. హిమజ మొహంలో మాత్రం ఏ బిగువూ లేదు. "వదలవే, నొప్పి" అంటే, "నేను పట్టుకోలేదమ్మా" అంది.

పేపరు అప్పుడు దిగింది.

*

మా ఆయన ఉద్యోగం ఋషికొండ మీద. నలభైమంది కలిసి అయిదేళ్ళుగా ఒక వీడియో గేము కడుతున్నారు. దాని పేరు 'ఏడు వాకిళ్ళు'. పాడుబడ్డ కోట. ఏడు వాకిళ్ళకీ ఏడుగురు కాపలా. తుపాకులూ బాణాలూ ఉండవు. చేతిలో బొత్తాలున్న రిమోటు పట్టుకుని ఊపితే తెర మీది మన మనిషి అలాగే కత్తో కర్రో ఊపుతాడు, ఎదురుగా వెళ్ళి కొట్టుకోవాలి. ఒక్క అడుగు తప్పితే చావే. మళ్ళీ మొదటినుంచీ. అన్నిటికంటే చివర, ఏడో వాకిట్లో తలారి ఉంటాడు. ఇనప ముసుగు, తనకంటే పొడుగు కర్ర. ఇంతవరకూ వాణ్ణి దాటినవాళ్ళు లేరు. కోరి కష్టాలు కొనుక్కుని పదేపదే చావడానికి తయారుగా ఉన్నవాళ్ళు లోకంలో లక్షలమంది ఉన్నారని మా ఆయన చెప్పినప్పుడు, మా పెళ్ళి ఫోటో వంక చూసి నమ్మాను.

అయితే ఆ లక్షలమందీ మూడో వాకిట్లోనే విసుగొచ్చి మానేస్తారని ఆయన భయం. అందుకని పట్టీ కనిపెట్టారు. బీపీ చూసేటప్పుడు చుట్టే గుడ్డలాంటిది, మణికట్టు నుంచి మోచేతి దాకా. ఆటలో ఏ దెబ్బకి చచ్చామో ఆ దెబ్బని పట్టీ అదే క్షణంలో చేతి నరాలకి నేర్పేస్తుంది. మనం నేర్చుకోనక్కర్లేదు. చెయ్యే నేర్చుకుంటుంది. వంద చావుల్లో వచ్చేది ఒక్క చావులో వస్తుంది.

ఈ ఆలోచన ఆయనకి అసిరినాయుడుగారి వల్ల వచ్చింది. విజయనగరం పక్కన కర్రసాము నేర్పే గురువుగారు. డెబ్భై ఏళ్ళు. తలారి నడక, తలారి దెబ్బ అన్నీ ఆయనవే. ఒంటినిండా మెరిసే బిళ్ళలు అంటించి మూడు వారాలు ఆయనా శిష్యులూ చేసే సాము అంతా కెమెరాలకెక్కించారు. అప్పుడాయన ఒక మాటన్నారట: "దెబ్బ తిన్న సోటే ఇద్దె నిలుస్తాది బాబూ." మా ఆయన ఆ మాట ఆఫీసు గోడమీద రాయించారు.

పట్టీ కట్టుకుని రోజంతా ఆడి చూడ్డానికి ఏడుగురు పిల్లల్ని పెట్టుకున్నారు. అందులో హిమజ ఒకతె. బీకాం అయ్యాక ఖాళీగా ఉందని నేనే పంపాను. ఆ సంగతి ఎవరూ ఇంతవరకూ నాకు గుర్తు చెయ్యలేదు. మంచివాళ్ళు.

శుక్రవారం శుక్రవారం తబిత అని నరాల డాక్టరు వచ్చి ఆ ఏడుగురి చేతులూ పరీక్షిస్తుంది. విదేశంలో అచ్చైన జాబితా ఒకటుంది. నలభై పనులు. బొత్తాం పెట్టుకోవడం, తాళం తిప్పడం, బూటు లేసు కట్టడం, చాకుతో కోసి ఫోర్కుతో తినడం, సంతకం. అందరికీ ప్రతివారం నలభైకి నలభై.

*

పట్టీ ఆ ఆదివారమే మాన్పించేశాను. "మానేసింది కదా రాజ్యం, సర్దుకుంటుంది" అన్నారు ఆయన.

సోమవారం పొద్దున హిమజ మూడు పాయలు తీసి పట్టుకుని అద్దం ముందు నిలబడి ఉంది. ఏ పాయ దేని మీదికి వెళ్ళాలో దానికి తెలీలేదు. జడ నేనే వేశాను. మధ్యాహ్నం భోజనం కూడా నేనే తినిపించాక హాల్లో చాప మీద నిద్రపోయింది. మొహం ప్రశాంతంగా ఉంది. కుడిచెయ్యి మాత్రం మేలుకుని ఉంది. గాల్లో మణికట్టు తిరుగుతోంది. ఆగుతోంది. ఎవరిదో దెబ్బ కాచుకుంటోంది.

నాకు మంచి బుద్ధులు తక్కువ. వంటింట్లోంచి అప్పడాలకర్ర తెచ్చి ఆ చేతి పక్కన పెట్టాను. చెయ్యి వెతుక్కుని తీసుకుంది. రెండుసార్లు తిప్పి బరువు చూసుకుంది. తర్వాత గాలి కోసుకుపోతున్న చప్పుడైంది. మంచినీళ్ళ చెంబు గోడదాకా వెళ్ళి సొట్టపడింది. హిమజ ఊపిరి కూడా తడబడలేదు.

పక్కకి తిరిగి పడుకున్న దాని వీపు మీద చెయ్యి వేసి జోకొట్టాను. పాలు తాగే రోజుల్నుంచీ అదే వరస. రెండు తట్లు, కాస్త ఆగి మళ్ళీ రెండు. ఎవరూ నేర్పలేదు నాకు. కాసేపటికి కర్ర జారింది. చెయ్యి కూడా నిద్రపోయింది.

సాయంత్రం లేచాక కన్ను నలుపుకోబోయి చెయ్యి కంటిదాకా తెచ్చి ఆపేసింది. తర్వాతేమిటో తెలీలేదు దానికి.

పట్టీ మానేసినా ఆగడం లేదు. నిద్రపోయినప్పుడల్లా చేతిలో కత్తి పెరుగుతోంది, ఇంకొకటి పోతోంది. ఇలాగే పోతే ఆ చేతిలో నా కూతురిది ఏం మిగులుతుందో లెక్క వేసుకోవడానికి భయమేసింది.

*

మంగళవారం మూడు కేరియర్ల పులిహోర చేసి, విస్తరాకులు పట్టుకుని హిమజతో కొండెక్కాను. అక్కడ భోజనాలగదిలో ముందుగా చేసిన పని స్పూన్లన్నీ ఏరి నా సంచీలో వేసుకోవడం.

"అదేంటి మేడమ్?" అంది తబిత.

"మీ పిల్లలు స్పూన్లతో తింటారెందుకు?"

"పట్టీ తడవకూడదండీ. తీసి కట్టుకోవడానికి అరగంట పడుతుందని పొద్దున కడితే సాయంత్రమే విప్పుతారు."

"ఇవాళ ఒక్కసారి విప్పమనండి."

ఏడుగురూ చేతులు కడుక్కొచ్చి వరసగా కూర్చున్నారు. వడ్డించాను. ఆరు చేతులు విస్తళ్ళ మీద ఆగిపోయాయి. రెహానా అనే పిల్ల ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని కిందికి నొక్కింది. పక్కనున్న వికాస్ రెండు వేళ్ళతో ఒక్క వేరుశెనగ గింజ పైకి తీసి, ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ అక్కడే పెట్టాడు.  ఎవరికి వాళ్ళు తన ఒక్క చేతికే ఏదో అయిందనుకుంటున్నారు.

చివర కూర్చున్న ఢిల్లేశ్వరరావు మాత్రం విస్తరి ఖాళీ చేసి, "ఇంకాస్త వెయ్యండి మేడమ్, మిరపకాయ కూడా" అన్నాడు.

"నీ పట్టీ పనిచెయ్యడం లేదా?" అన్నారు మా ఆయన.

"చార్జింగ్ లేదు సార్."

"ఎప్పట్నుంచి?"

ఢిల్లీ నా వంక ఒకసారి చూశాడు. "జాయినైనప్పట్నుంచి సార్. తిట్టకండి. కట్టుకునే తిరిగాను."

తబిత తన జాబితా తీసి పైనుంచి కిందికి చదివింది. వెనక్కి తిప్పి చూసింది. "ఇందులో అన్నం లేదు" అంది. జాబితా మడిచి, "నేనూ చేత్తోనే తింటానండీ. ఇది రెండేళ్ళుగా చదువుతున్నాను. తట్టలేదు" అంది.

మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు. "చెయ్యి అంత తొందరగా కొత్తది నేర్చుకోవాలంటే చోటు కావాలి రాజ్యం. ఏ పని మీద మనసు పెట్టడం లేదో దాన్ని పట్టీ ఖాళీ అనుకుంది."

అటక సర్దేవాళ్ళు చేసే తప్పే. రోజూ కంటపడనిది అక్కర్లేదనుకోవడం. మనసు పెట్టకుండా చేసే పనులంటే పుట్టి బుద్ధెరిగాక మొదట నేర్చుకున్నవి. ముద్ద కలపడం, కన్ను నలుపుకోవడం. అవే ముందు పోతున్నాయి.

*

వచ్చే వారమే ఆట విడుదల, పట్టీతో సహా. అది చూసిపోదామని అసిరినాయుడుగారు కూడా ఆ రోజే వచ్చారు. గోడంత తెర మీద తలారిని చూపించడానికి ఢిల్లీ ఆటకి కూర్చున్నాడు. చార్జింగ్ లేని చెయ్యి కదా, వెంటవెంటనే చస్తున్నాడు.

నాయుడుగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నారు. "ఇది నాదే. ఆ తిప్పుడూ నాదే. కాలు మార్సింది సూడు, నాలాగే కుంటుతున్నాడు ముండాకొడుకు." మురిసిపోతున్నారు. అంతలో ఆయన చెయ్యి గడ్డం మీంచి దిగింది. "ఇది నాది కాదు బాబూ."

ఢిల్లీ మనిషి తెర మీద కిందపడి లేవబోతున్నాడు. తలారి కర్ర ఎడమచేతికి మార్చాడు. వంగాడు. కుడిచెయ్యి దించి చిటికెనవేలితో గాల్లో గుంట చేశాడు. ఆ గుంట చుట్టూ, గట్టు తెగకుండా, మెల్లగా వేళ్ళు తిప్పుకుంటూ వచ్చాడు. ఒక చుట్టు పూర్తయ్యాక గట్టు తెంచాడు. తెంచిన చోట ఢిల్లీ మెడ ఉంది.

 హిమజ నా వెనక నిలబడి, "అమ్మా, అది నాది" అంది.

తర్వాత చూస్తే చాలా ఉన్నాయి. దువ్వెన లేకుండా పాయలు తీసే వేళ్ళు. పావడా అంచు దులిపే తీరు. ఎవరిదో బీడీ బూడిద రాల్చినట్టు ఒక చిటిక. ప్రతి ఒక్కదాని చివరా ఒక చావు. పట్టీ చేతికి నేర్పాలంటే ముందు చేతిని చదవాలి. చదివిందంతా యంత్రంలోకి వెళ్ళింది. ఆడేవాళ్ళని చూసి తలారి కూడా నేర్చుకోవాలని మా ఆయనే కట్టారు. అటకమీంచి తోసేసిన సామాను వీధిలో పడలేదు. తలారి ఏరుకున్నాడు.

"నాను సెప్పిన మాట గోడమీద రాయించేరు, బాగుంది" అన్నారు నాయుడుగారు. "దెబ్బకీ దెబ్బకీ మద్దెన కుర్రోలసేత నూతిలో నీల్లు తోడించేవోణ్ణి, పిండి పిసికించేవోణ్ణి. ఆ బొమ్మలేవి బాబూ?"

"అవి కత్తిరించేశాం నాయుడుగారూ" అన్నారు మా ఆయన నేల చూస్తూ. "మీ ఇంటి పని చేయించుకుంటున్నారనుకున్నాను."

"మా ఇంట్లో కుళాయుంది బాబూ. తోడిన నీల్లు మల్లీ ఆ నూతిలోనే పోయించేవోణ్ణి. దెబ్బ నేర్సిన సెయ్యి ఇంటిపని మరిసిపోకుండా."

ఇరవై నాలుగేళ్ళ సంసారంలో మా ఆయన అలా నిలబడ్డం నేను చూడలేదు. ఆ సమయంలో దెప్పడం సబబు కాదు. తర్వాతికి దాచుకున్నాను.

*

తలారి ఏ కదలికతో చంపితే పట్టీ దాన్నే చేతికి నేర్పుతుంది. అంటే హిమజ పట్టీ కట్టుకుని, ఆ గుంట తవ్వే దెబ్బకి చస్తే చాలు. పోయింది తిరిగొస్తుంది. ఖాళీలో దాని సొంత తీరు మళ్ళీ కుదురుకుంటే కత్తి పెరగడం ఆగుతుందని తబిత అంది. పరాయి తీరు నిలవదు. అందుకే ఆదివారం నా చెయ్యి పనిచెయ్యలేదు.

"చావడమే కదా" అని హిమజ కూర్చుంది.

తలారి కదిలాడు. హిమజ చెయ్యి కదిలింది. అయిదేళ్ళుగా ఎవరూ ఓడించని తలారి ఒకటిన్నర నిమిషంలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"మళ్ళీ" అన్నారు మా ఆయన.

పదకొండుసార్లు గెలిచింది. చెయ్యి వదిలెయ్యమంటే వదల్లేదు. కళ్ళు మూసుకుని ఆడమంటే ఇంకా తొందరగా గెలిచింది. పన్నెండోసారి దానికి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఖాళీ ఉన్నా, అదెలాగో దానికి తెలీదు.

"నాకు చావడం రావట్లేదు నాన్నా" అంది.

దాని మొహం నేను తుడిచి, పట్టీ విప్పి నా చేతికి పెట్టుకున్నాను.

"నువ్వా?" అన్నారు మా ఆయన.

"ఎవరి చేతికి వచ్చినా దాన్ని మళ్ళీ దీని చేతికి పట్టించాలి. రోజూ, కంచం దగ్గర, ఎన్ని నెలలో. ఇక్కడ ఆ ఉద్యోగానికి ఇంకెవరైనా దరఖాస్తు పెట్టారా?"

"నీ చేతిలోంచి ఏది పోతుందో మనకి తెలీదు రాజ్యం."

"నాకున్న పనుల్లో ఒకటి పోతే సంతోషమే. అంట్లు తోమడం పోయేలా చూడండి."

నన్ను నేరుగా ఏడో వాకిట్లో దింపారు. చిక్కేమిటంటే, కర్రదెబ్బకి చచ్చినప్పుడల్లా నా చేతికీ కర్ర వచ్చేస్తుంది. చెయ్యి ముదిరిపోతే నాకూ చావడం చేతకాదు. అంటే నాకు తెలివి రాకముందే పని అయిపోవాలి.

తలారి దగ్గరనుంచి చూస్తే ముసుగు వెనక ఊపిరి వినిపిస్తుంది. మొదటి చావు తెలీనే లేదు. రెండోది తెలిసింది. అయిదు, ఆరు కూడా కర్రకే. ఎనిమిదోసారి నా మణికట్టు నన్నడక్కుండా పైకి లేచి ఒక దెబ్బ కాసింది. నా చెయ్యి అంత సొగసుగా ఎప్పుడూ కదల్లేదు. 

"సెయ్యి ముదురుతోంది తల్లీ" అన్నారు నాయుడుగారు. "ఇంక రొండో మూడో."

హిమజ దెబ్బలన్నీ ఆడేవాడు కిందపడ్డాకే వస్తున్నాయి. పడేవరకూ ఆగితే కర్రే తినాలి. పడకుండా కిందికెళ్ళడం ఎలా?

"ఈ ఆటలో కూర్చోవచ్చా?" అన్నాను.

"అలసట తీర్చుకోవడానికి ఒక బొత్తాం ఉంది. తలారి ముందు ఎవరూ నొక్కరు" అన్నారు మా ఆయన.

తొమ్మిదోసారి వాకిట్లో అడుగుపెట్టి, నాలుగడుగులు నడిచి, తలారి ఎదురుగా కూర్చున్నాను. విస్తరి వేశాక కూర్చున్నట్టు. కర్ర నా తల మీదికి లేచింది. నా చెయ్యి లేవబోయింది. ఎడమచేత్తో గట్టిగా అదిమి పట్టుకున్నాను.

కర్ర అక్కడే ఆగింది. తలారి ముసుగు కొంచెం పక్కకి వంచి నన్ను చూశాడు. అది నాయుడుగారి చూపు కాదు, హిమజది కాదు. ఎవరిదో నాకు తెలీదు. కర్ర ఎడమచేతికి మారింది. వంగాడు. చిటికెనవేలు దిగింది.

నేను కదల్లేదు. గుంట, చుట్టూ గట్టు. నా కూతురు పదిహేడేళ్ళు తిన్న తీరు. అంత నెమ్మదిగా నన్నెవరూ చంపలేదు.

తెర నల్లబడ్డాక చూస్తే నా చిటికెనవేలు దానంతటది వంగి ఉంది.

*

ఆ మధ్యాహ్నం అక్కడే వేడి అన్నం, పప్పు, నెయ్యి తెప్పించి హిమజ పక్కన కూర్చుని, దాని చేతి మీద నా చెయ్యి వేశాను. పిడికిలి బిగిసింది. నా చిటికెనవేలు దాని చిటికెనవేలిని నొక్కి అన్నంలో గుంట చేసింది. పిడికిలి వదులైంది. ఏదో పాత వాసన పట్టినట్టు, ఆ వేళ్ళు ఒక్కొక్కటే నా వేళ్ళ కింద మెత్తబడ్డాయి. గట్టు తెగిపోయింది, నెయ్యి కారిపోయింది, హిమజ గడ్డం నిండా మెతుకులు. అయినా ఆ ముద్ద అది తన చేత్తో తింది.

మిగతా అయిదుగురి ఇళ్ళకీ ఫోన్లు వెళ్ళాయి. రెహానా నాయనమ్మ వచ్చింది. వికాస్ నాన్న ఆర్టీసీ డ్రైవరు, డ్యూటీ దిగి ఖాకీ బట్టల్లోనే వచ్చాడు. ఆ వారం కొండమీద అయిదుగురు పెద్దవాళ్ళు వరసగా కూర్చుని చచ్చారు. "ఇదిగో, ఈ చిటిక మావాడిది. అయితే బీడీ సంగతి ఇవాళే తెలిసింది" అన్నాడు వికాస్ నాన్న, పట్టీ విప్పుతూ.

నాయుడుగారు నెల్లాళ్ళు ఉండిపోయి పిల్లలచేత డ్రమ్ములోంచి డ్రమ్ములోకి నీళ్ళు తోడించారు. ఇంటి దగ్గర హిమజకి నేను పనులు చెప్పాను. పప్పు రుబ్బడం, మల్లెపూలు కట్టడం, బట్టలు పిండడం. ఇరవై ఏళ్ళుగా చెప్పినా వినని పిల్ల వైద్యమంటే విన్నది. ఆ ఒక్క విషయంలో మా ఆయన శాస్త్రపరిశోధనని నేనెప్పుడూ తప్పుపట్టలేదు.

పట్టీలన్నిటినీ ఆయన తన చేతుల్తో ముక్కలు చేశారు. ఆట మాత్రం పట్టీ లేకుండా విడుదలైంది. తలారిలో ఏది నాయుడుగారిదో ఏది పిల్లలదో విడదీయలేకపోయారు. వాణ్ణి వాడిలాగే వదిలేశారు.

ఇక నా లెక్క. తబితా నేనూ కూర్చుని తెలుగులో కొత్త జాబితా రాశాం. ముగ్గు దగ్గర్నుంచి జంతికలు తిప్పడం దాకా రెండువందల పన్నెండు పనులు. అన్నీ వచ్చాయి. అంట్లు తోమడంతో సహా.

"ఏమీ పోలేదేమో" అన్నారు మా ఆయన ఆశగా.

"ఏం పోయిందో చేతికెలా తెలుస్తుంది? పోయింది కదా" అన్నాను.

రెండు నెలలకి హిమజ తన అన్నం తను కలుపుకుంటోంది, గుంటతో సహా. జడ వంకరగా వేసుకుంటోంది. నిద్రలో చెయ్యి లేవడం బాగా తగ్గింది. ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక చాప మీద నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. కాసేపటికి ఆ కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. మణికట్టు తిరిగింది.

నేను దాని వీపు మీద చెయ్యి వేశాను.

చెయ్యి అక్కడే ఉండిపోయింది. బల్లమీద పెట్టినట్టు. ఎత్తాలని తెలుసు. ఎంత ఎత్తాలి, ఎప్పుడు దించాలి, ఎంత ఆగాలి, ఏదీ రాలేదు. కొట్టి చూశాను. తలుపు తట్టినట్టుంది. హిమజ నిద్రలోనే ఉలిక్కిపడింది, చెయ్యి ఇంకా పైకి లేచింది.

రెండువందల పన్నెండులో మేం రాయని పని అది. పని అనుకుంటే కదా రాస్తాం.

ఆ వారమే ఆఫీసుకి ఉత్తరాలు రావడం మొదలైంది. తలారి ఇప్పుడు కొత్త పని ఒకటి చేస్తున్నాడట. చంపాక కర్ర పక్కన పెడతాడు. చచ్చినవాడి పక్కన చతికిలబడి, వాడి వీపు మీద అరచెయ్యి వేసి తడతాడు. తెర నల్లబడేదాకా. ఇంత అవమానం ఏ ఆటలోనూ లేదని ఆడేవాళ్ళు ఒకటే సంబరపడిపోతున్నారు.

మా ఆయన ఇంట్లో టీవీకి ఆట తగిలించి చూపించారు. రెండు తట్లు. కాస్త ఆగి మళ్ళీ రెండు.

ఆయన ఆట ఆపేశారు. "తీయించెయ్యనా?" అన్నారు.

"వద్దు. ఉండనివ్వండి" అన్నాను.

ఇప్పుడు మధ్యాహ్నం అంట్లు తోమేసి, చెయ్యి తుడుచుకుని టీవీ ముందు కూర్చుంటాను. పక్కన చాప మీద హిమజ నిద్రపోతుంటుంది. దాని చెయ్యి లేవడం మొదలుపెట్టగానే నేను ఏడో వాకిట్లోకి వెళ్ళి తలారి ఎదురుగా కూర్చుంటాను. పట్టీ లేదు కాబట్టి నా చేతికి ఏదీ రాదు, ఏదీ పోదు. వాడు ముసుగు పక్కకి వంచి చూస్తాడు. నన్ను గుర్తుపట్టాడని నా అనుమానం. ఈమధ్య ఎక్కువసేపు ఆగడం లేదు.

చచ్చాక టీవీ సౌండు కొంచెం పెంచుతాను. వాడు జోకొడతాడు. హిమజ చెయ్యి దిగుతుంది.